రెండు నీళ్ళు, ఒకే మీడియా

అక్వేరియం దుకాణాల్లో ఫిల్టర్ మీడియాకు మంచినీటి అర వేరు, ఉప్పునీటి అర వేరు అని ఉండదు. స్పాంజ్ షీట్లు, సిరామిక్ రింగులు, బయోబాల్స్, కార్బన్ పొట్లాలు, తెల్లటి జియోలైట్ పలుకులు అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. చాలా పొట్లాల మీద ‘మంచినీటికీ, ఉప్పునీటికీ’ అని రాసి ఉంటుంది. గోల్డ్‌ఫిష్ పెంచేవారూ, క్లౌన్‌ఫిష్ పెంచాలని కొత్తగా మొదలుపెట్టినవారూ అదే పొట్లం కొనుక్కుని వెళతారు. మొదటివారికి అది పనిచేస్తుంది. రెండోవారిలో కొందరికి పనిచేస్తుంది, కొందరికి వారం తిరగకుండా చేపలు పోతాయి. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ఒక్కో మీడియానూ రెండు నీళ్ళలో పక్కపక్కన పెట్టి చూడాలి. ‘అన్నీ పనికొస్తాయి’ అనే తీర్పూ, ‘మంచినీటి సరుకేదీ పనికిరాదు’ అనే తీర్పూ రెండూ నష్టం చేసేవే. మొదటిది చేపను చంపుతుంది, రెండోది అనవసరంగా జేబు ఖాళీ చేస్తుంది.

మన దేశంలో ఈ ప్రశ్నకు ఇంకో కారణం కూడా ఉంది. ఐరోపా, అమెరికాల్లో ఉప్పునీటి తొట్టి పెట్టేవారికి చాలాకాలం ‘లైవ్ రాక్’ ప్రధాన ఆధారం. పగడపు దిబ్బల దగ్గరి రాళ్ళను వాటిలోని బాక్టీరియాతో, చిన్నచిన్న ప్రాణులతో సహా తెచ్చి తొట్టిలో పేరుస్తారు. ఆ రాయే ఫిల్టర్. మనకు ఆ దారి మూసుకుపోయింది, మూసుకుపోవడం మంచిదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద 2001లో రాతి పగడాలను మొదటి షెడ్యూలులో చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో పగడపు రాయి పెకలించి తెచ్చి అమ్మేవారు చేస్తున్నది నేరం. కొనేవారు ఆ నేరంలో భాగస్వాములు. కాబట్టి హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో నిజాయితీగా ఉప్పునీటి తొట్టి నడపాలంటే సిరామిక్ ముక్కలు, సచ్ఛిద్రమైన గాజు రింగులు, పొడి రాయి, స్పాంజ్ వంటి వాటి మీదే ఆధారపడాలి. అంటే మంచినీటివారు వాడే అరలోకే చెయ్యి పెట్టాలి.

ముందు రెండు నీళ్ళ సంగతి. కుళాయి నీటిలో లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాముల లవణాలు ఉంటాయి. సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాములు. అందులో సోడియం ఒక్కటే 10.8 గ్రాములు, మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం, పొటాషియం చెరో 0.4 గ్రాములు. 25 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీరు 6.7 దగ్గరే ఆగిపోతుంది. అమ్మోనియా లెక్క ఇంకా కఠినం. కొలిచిన మొత్తం అమ్మోనియాలో చేప మొప్పలకు నిజంగా విషమయ్యే వాటా పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఉప్పునీటి తొట్టి ఉండాల్సిన 8.2 దగ్గర అది నూటికి ఏడెనిమిది పాళ్ళవుతుంది. టెస్ట్ కిట్‌లో ఒకే ఆకుపచ్చ రంగు వచ్చినా రెండు తొట్లలోని చేపలకు ఎదురయ్యే ప్రమాదం ఒకటి కాదు. మంచినీటి తొట్టి క్షమించే పొరపాటును ఉప్పునీటి తొట్టి క్షమించదు. మీడియా గురించి రాసే ప్రతి మాటనూ ఈ అంకెల పక్కన పెట్టి చదవాలి.

అన్నిటికంటే ముందు జియోలైట్. రెండు నీళ్ళలో పూర్తిగా రెండు రకాలుగా ప్రవర్తించే మీడియా ఇదే. ఎక్కువగా వాడే రకం పేరు క్లినాప్టిలోలైట్, సహజంగా దొరికే ఖనిజం. దాని స్ఫటికంలో సన్నని గదులుంటాయి, ఆ గదుల్లో సోడియం, కాల్షియం వంటి అయాన్లు వదులుగా కూర్చుని ఉంటాయి. మంచినీటి తొట్టిలో వేస్తే అవి లేచి, నీటిలోని అమ్మోనియంకు చోటిస్తాయి. గోల్డ్‌ఫిష్ తొట్టిలో అమ్మోనియా హఠాత్తుగా పెరిగినప్పుడు గుప్పెడు జియోలైట్ వేస్తే గంటల్లో ఫలితం కనిపిస్తుంది. చేపలను దూరప్రయాణం చేయించేటప్పుడు సంచిలో కాస్త వేయడం కూడా మంచి పద్ధతే. ఆ నీటిలో దానికి వంక పెట్టాల్సింది లేదు.

అదే గుప్పెడు ఉప్పునీటిలో వేయండి. క్లినాప్టిలోలైట్‌కు అమ్మోనియం కంటే పొటాషియం మీద మక్కువ ఎక్కువ, ఆ పొటాషియం సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాములుంది. సోడియం మీద మక్కువ తక్కువే అయినా అది 10,800 మిల్లీగ్రాములుంది. తొట్టిలో ప్రమాదం కలిగించే అమ్మోనియా ఒకటో రెండో మిల్లీగ్రాములు. పండగ రద్దీలో ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు పడి సీట్లన్నీ నిండినట్టు, ఆ గదులన్నీ అమ్మోనియం చేరేలోపే నిండిపోతాయి. అందుకే ఉప్పునీటిలో జియోలైట్ అమ్మోనియాను తీసేయదు.

అంతటితో ఆగితే డబ్బు మాత్రమే దండగ. అసలు ప్రమాదం వాడిన జియోలైట్‌తో. మంచినీటివారు నిండిపోయిన జియోలైట్‌ను మళ్ళీ పనికి తెచ్చుకోవడానికి ఏం చేస్తారు? చిక్కటి ఉప్పునీటిలో ఒక రోజు నానబెడతారు. ఉప్పులోని సోడియం గుంపుగా వచ్చి అమ్మోనియంను బయటికి నెట్టేస్తుంది, ఆ నీళ్ళు పారబోస్తారు. ఇప్పుడు ఆర్నెల్లు గోల్డ్‌ఫిష్ తొట్టిలో పనిచేసిన జియోలైట్ సంచిని ‘మాగిన మీడియా కదా’ అని ఉప్పునీటి తొట్టి సంప్‌లో (నీటిని శుభ్రం చేసే పక్క తొట్టిలో) పెట్టారనుకోండి. జరిగేది అచ్చంగా ఆ శుభ్రతే. కాకపోతే పారబోయాల్సిన నీళ్ళలో చేపలున్నాయి. ఆర్నెల్లుగా దాచిన అమ్మోనియా పీహెచ్ 8.2 ఉన్న నీటిలోకి వచ్చిపడుతుంది. మంచినీటి తొట్టిలో కూడా ఇదే చిన్న ఎత్తున జరుగుతుంది. తెల్ల మచ్చల జబ్బుకనో, నైట్రైట్‌కనో తొట్టిలో ఉప్పు వేసేవారు ఫిల్టర్‌లో జియోలైట్ ఉందేమో ముందు చూసుకోవాలి, ఉంటే తీసేయాలి.

జియోలైట్‌ను ఉప్పునీటిలో వాడేవారు లేరా అంటే ఉన్నారు. జర్మనీలో పుట్టిన జియోవిట్ పద్ధతిలో పగడాల తొట్టికి జియోలైట్ రాళ్ళే ప్రధానం. అయితే అక్కడ రాళ్ళను ఒక ప్రత్యేక గొట్టంలో ఉంచి, రోజూ కదిపి, మీద పెరిగిన బాక్టీరియా పొరను నీటిలోకి రాలుస్తారు. ఆ బాక్టీరియాకు తిండి విడిగా వేస్తారు. గంటల్లో అమ్మోనియాను లాగేస్తుందన్న మంచినీటి వాగ్దానం అక్కడ లేదు. ఈ పద్ధతిని చూపించి ‘ఉప్పునీటిలోనూ జియోలైట్ అమ్మోనియాను తీస్తుంది’ అని అమ్మడం తప్పు.

ఈ మాట అక్వేరియంవారికంటే మన కోస్తా రైతులకు ఎక్కువ అవసరం. నెల్లూరు నుంచి భీమవరం దాకా రొయ్యల చెరువు ఉన్న ప్రతిచోటా జియోలైట్ బస్తాలు కనిపిస్తాయి. అమ్మోనియా పెరిగిందని తేలగానే ఎకరానికి ఇన్ని కిలోలు చల్లమని సలహా వస్తుంది. చిన్న లెక్క వేద్దాం. ఎకరం చెరువులో నాలుగడుగుల నీరుంటే సుమారు 49 లక్షల లీటర్లు. లీటరుకు ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ ఉన్నా చెరువు మొత్తంలో 4.9 కిలోలు. శుద్ధమైన క్లినాప్టిలోలైట్ కిలో, గదులన్నీ అమ్మోనియంతోనే నిండాయనుకున్నా, లెక్కప్రకారం 30 గ్రాముల నైట్రోజన్‌ను మించి పట్టదు. 20 కిలోలు చల్లితే 600 గ్రాములు. అంటే సెలినిటీ (ఉప్పుదనం) అసలే లేని నీటిలో, పోటీ అసలే లేని చోట కూడా ఎనిమిదో వంతు దాటదు. సెలినిటీ పెరిగేకొద్దీ అదీ కరిగిపోతుంది. చెరువుల నీటి రసాయనం మీద దశాబ్దాలుగా పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త క్లాడ్ బాయిడ్ ఉప్పునీటి చెరువుల్లో జియోలైట్ వల్ల ప్రయోజనం లేదని చాలాకాలంగా రాస్తున్నారు. ఆ డబ్బు మేత తగ్గించి వేసుకునే జాగ్రత్త మీద, ఏరేటర్ల కరెంటు మీద పెడితే రొయ్యకు నిజంగా మేలు.

జియోలైట్‌కు చుట్టాలైన మిగతా రసాయన మీడియా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నీటిని మెత్తబరిచే రెజిన్ ఉప్పునీటిలో వేసిన క్షణమే పని ముగించేస్తుంది. దాన్ని తిరిగి పనికి తేవడానికి వాడేది కూడా ఉప్పునీరే కదా. పీట్ నాచు డిస్కస్, టెట్రా వంటి దక్షిణ అమెరికా నదుల చేపలకు మేలు చేస్తుంది, నీటిని గోధుమరంగుకు తెచ్చి పీహెచ్ దింపుతుంది. ఆ రెండు పనులూ పగడాల తొట్టికి శత్రువులే. నల్ల కార్బన్ గుళికలూ, తెల్ల జియోలైట్ పలుకులూ కలిపి అమ్మే పొట్లం ఒకటి చాలా దుకాణాల్లో దొరుకుతుంది. ఉప్పునీటివారు దాన్ని కొంటే తెల్ల సగం ఊరికే పడి ఉంటుంది, నల్ల సగమే పనిచేస్తుంది.

పగడపు ముక్కలు, ముత్యపుచిప్పల పొడి వంటి సున్నపు మీడియాది తిరగబడిన కథ. మంచినీటి తొట్టిలో ఇవి కరిగి నీటిని గట్టిపరుస్తాయి. ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్‌లు పెంచేవారు కావాలనే వేస్తారు. ఉప్పునీటిలో ఇవి పీహెచ్‌ను నిలబెడతాయని చాలామంది నమ్మకం. నిజానికి సముద్రపు పైనీటిలో కాల్షియం కార్బొనేట్ అప్పటికే నిండుగా ఉంటుంది. పీహెచ్ 7.8 కంటే కిందికి దిగితే తప్ప ఈ ముక్కలు చెప్పుకోదగ్గంతగా కరగవు. పగడాలుండే తొట్టిలో పీహెచ్ అంత దిగితే ముందు వేరే చర్యలు తీసుకోవాలి. కాబట్టి మంచినీటిలో మందులా పనిచేసేది ఉప్పునీటిలో ఉత్త రాయి. హాని లేదు, ఆశించిన లాభమూ లేదు.

కార్బన్ మాత్రం రెండు నీళ్ళలోనూ నిలబడుతుంది. సేంద్రియ పదార్థాలను, పసుపు రంగును, మందుల అవశేషాలను అది పట్టేస్తుంది. ఉప్పునీటి తొట్టిలో అదనంగా ఇంకో పని కూడా ఉంది. కొన్ని మెత్తటి పగడాలు పక్కవాటిని ఎదగనివ్వకుండా నీటిలోకి వదిలే విషాలను కార్బన్ తగ్గిస్తుంది. ఏ నీటిలోనూ అది అమ్మోనియాను తీయదు, ఆ అపోహ రెండు శిబిరాల్లోనూ ఉంది. తేడా నాణ్యతలో. కొన్ని కార్బన్‌ల నుంచి ఫాస్ఫేట్ ఊరుతుంది. మొక్కల తొట్టిలో అది ఎరువుగా ఖర్చయిపోతుంది. పగడాల తొట్టిలో ఫాస్ఫేట్‌ను లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపు ఉంచాలని తంటాలు పడుతుంటాం. అది పెరిగితే పగడం అస్థిపంజరం కట్టుకోవడం మందగిస్తుంది, నాచు రాజ్యమేలుతుంది. కార్బన్ కొనే ముందు పరీక్షించడం కష్టమేమీ కాదు. ఒక గ్లాసు ఆర్వో నీటిలో చెంచాడు కార్బన్ వేసి రాత్రంతా ఉంచి, పొద్దున్నే ఆ నీటికి ఫాస్ఫేట్ టెస్ట్ చేయాలి. రంగు వస్తే ఆ పొట్లాన్ని మంచినీటి తొట్టికి ఇచ్చేయవచ్చు.

రాగి సంగతి మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. మంచినీటి చేపల మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది, నత్తలను చంపే మందుల్లో మరీ ఎక్కువ. చేప తట్టుకునే మోతాదులోనే రొయ్య, నత్త, పగడం చచ్చిపోతాయి. ఆ మందు వేసిన తొట్టిలో ఉన్న కార్బన్, సున్నపు రాయి రాగిని పీల్చుకుని తర్వాత కొంచెం కొంచెంగా వదలవచ్చు. పాత మీడియా ఎవరైనా ఉచితంగా ఇస్తామంటే మొదట అడగాల్సిన ప్రశ్న ‘ఈ తొట్టిలో ఎప్పుడైనా మందు వేశారా’ అని. జవాబు స్పష్టంగా రాకపోతే తీసుకోకూడదు.

ఇక అసలు వివాదం దగ్గరికి వద్దాం. స్పాంజ్, సిరామిక్ రింగులు, బయోబాల్స్ వంటి బాక్టీరియా నివాసాల మీద హాబీలో రెండు వాదాలున్నాయి. ‘బాక్టీరియా ఎక్కడైనా బాక్టీరియానే, మంచినీటి ఫిల్టర్‌లో మాగిన స్పాంజ్‌ను ఉప్పునీటిలో పెడితే నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి’ అనేది ఒకటి. ‘ఉప్పు తగలగానే అన్నీ చస్తాయి, సున్నా నుంచి మొదలుపెట్టాల్సిందే’ అనేది రెండోది. సైన్స్ ఈ రెండింటినీ పూర్తిగా సమర్థించదు. అయితే ఆచరణలో రెండో వాదమే సురక్షితం.

అమ్మోనియాను నైట్రోసోమోనాస్ నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రోబాక్టర్ నైట్రేట్‌గా మారుస్తాయని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఈ చిత్రాన్ని అక్వేరియంల మీద చేసిన పరిశోధనలే మార్చాయి. 1996లో టిమోతీ హొవానెక్, ఎడ్వర్డ్ డెలాంగ్ మంచినీటి, ఉప్పునీటి తొట్లను పోల్చి చూశారు. నైట్రోసోమోనాస్ యూరోపియా, దాని దగ్గరి బంధువులు ఉప్పునీటి తొట్లలో దొరికాయి గానీ మంచినీటి తొట్లలో గుర్తించగలిగిన స్థాయిలో లేవు. 1998లో హొవానెక్ బృందం మంచినీటి తొట్లలో నైట్రైట్ పని చేస్తున్నది నైట్రోబాక్టర్ కాదని, నైట్రోస్పైరా జాతి అని చూపింది. 2005లో వచ్చిన ఫలితం మరీ ఆశ్చర్యకరం. అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో ఒక ఉష్ణమండల సముద్రపు తొట్టి అడుగు రాళ్ళ నుంచి మార్టిన్ కొన్నెకె, డేవిడ్ స్టాల్ ప్రభృతులు నైట్రోసోపుమిలస్ మారిటిమస్ అనే జీవిని వేరుచేశారు. అది బాక్టీరియా కానే కాదు, ఆర్కియా అనే వేరే వర్గం. అమ్మోనియాతో బతికే ఆర్కియాను అలా విడదీసి పెంచగలగడం అదే మొదటిసారి. 2011లో కెనడా పరిశోధకులు మంచినీటి తొట్ల ఫిల్టర్లలో కూడా చాలాచోట్ల ఆర్కియాదే పైచేయి అని కనుగొన్నారు. చేపల తొట్టి ఫిల్టర్‌ను ఇంత శ్రద్ధగా చూసినవారు మనకిచ్చిన సమాధానం ఒకటే: ఒకే పని చేస్తున్నా రెండు నీళ్ళలో కూలీలు వేరు.

దీన్ని స్పాంజ్ దగ్గరికి తెచ్చి చూద్దాం. ఏడాది పాటు మంచినీటి తొట్టిలో మాగిన స్పాంజ్‌ను పిండితే ముదురు గోధుమ రంగు బురద కారుతుంది. అందులో అమ్మోనియా పని చేసే జీవులు కొద్దిపాటివే. మిగతావి కుళ్ళు తినే బాక్టీరియా, సన్నని పురుగులు, చిన్న నత్తలు, కంటికి కనపడని ఏకకణ జీవులు. ఆ స్పాంజ్‌ను నేరుగా 35 గ్రాముల ఉప్పున్న నీటిలో పెడితే కణాల్లోంచి నీరు బయటికి లాగబడి పురుగులు, నత్తలు, ఏకకణ జీవుల్లో చాలా భాగం చచ్చిపోతాయి. చచ్చినవి కుళ్ళి అమ్మోనియా అవుతాయి. దాన్ని తీసేయాల్సిన జీవులేమో అప్పటికి దెబ్బతిని ఉంటాయి. ఫిల్టర్‌గా పెట్టింది కొన్నాళ్ళ పాటు కాలుష్యానికి మూలమవుతుంది. కొన్ని జీవులు బతుకుతాయి, నిజమే. సెలినిటీని వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే అమ్మోనియా పని క్రమంగా కోలుకుంటుంది. ఆ ఓపికే ఉంటే కొత్త స్పాంజ్‌ను మొదటి రోజు నుంచీ ఉప్పునీటిలోనే మాగించుకోవచ్చు, దాదాపు అంతే సమయం పడుతుంది, శవాల బాధ ఉండదు. అందుకే నా ఓటు ఖాళీ మీడియాకే. పాతది ఎవరైనా ఇస్తే మరో ఉప్పునీటి తొట్టి నుంచి వచ్చినదై ఉండాలి.

నైట్రైట్ విషయంలో ఉప్పునీటికి ఒక మేలు ఉంది, న్యాయంగా అదీ చెప్పాలి. మంచినీటిలో నైట్రైట్ మొప్పల ద్వారా రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. సముద్రపు నీటిలో విస్తారంగా ఉన్న క్లోరైడ్ ఆ దారికి అడ్డుపడుతుంది. మంచినీటి తొట్టిలో నైట్రైట్ పెరిగినప్పుడు కాస్త ఉప్పు వేయమనేది ఇందుకే. అమ్మోనియాకు భయపడ్డంతగా ఉప్పునీటివారు నైట్రైట్‌కు భయపడనక్కర్లేదు.

కొత్త స్పాంజ్, కొత్త రింగులు రెండు నీళ్ళలోనూ ఒకటే అయినప్పుడు, ఉప్పునీటివారిలో చాలామంది వాటిని ఎందుకు నిందిస్తారు? ‘నైట్రేట్ ఫ్యాక్టరీ’ అనే మాట బయోబాల్స్‌కు అంటుకుని దశాబ్దాలైంది. 1986లో జార్జ్ స్మిట్ అమెరికా పత్రికలో డచ్చి పద్ధతి గురించి రాసిన వ్యాసాలతో నీరు చుక్కలుగా రాలే ‘వెట్–డ్రై’ ఫిల్టర్లకు పెద్ద పేరు వచ్చింది. తర్వాత బెర్లిన్ పద్ధతి అభిమానులు దాన్ని తోసిపుచ్చారు. వారికి రాళ్ళూ, నురగతో చెత్తను తీసే ప్రొటీన్ స్కిమ్మరూ చాలు. అంతకు పాతికేళ్ళ ముందే, 1961లో, జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్ళతో, గాలి బుడగలతో, దాదాపు ఏ ఫిల్టరూ లేకుండా పగడాలను బతికించే పద్ధతిని పత్రికలో వివరించారు. ఈ మూడు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే బయోబాల్ చేసిన నేరం పెద్దగా కనపడదు. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే ఏ ఉపరితలమైనా అంతే నైట్రేట్ పుట్టిస్తుంది. రాయికి ఉన్న అదనపు గుణం లోపలి పొరల్లో ఆక్సిజన్ అందకపోవడం. అక్కడ నైట్రేట్ మళ్ళీ నైట్రోజన్ వాయువై గాలిలో కలుస్తుంది. బయోబాల్‌కు లోతు లేదు, చుట్టూ ఎప్పుడూ గాలే. సిరామిక్, సచ్ఛిద్ర గాజు మీడియాకు కొంత లోతుంది. దాన్ని నీరు వేగంగా దూసుకుపోయే కనిస్టర్‌లో (మూసి ఉండే ఫిల్టర్ డబ్బాలో) కుక్కితే ఆ లోతు ఉపయోగపడదు. నీరు నెమ్మదిగా కదిలే సంప్‌లో పరిస్తే కొంత ఉపయోగపడుతుంది.

నైట్రేట్ సమస్యగా మారేది రెండు తొట్ల ఆర్థికంలో. మంచినీటి తొట్టిలో మొక్కలు నైట్రేట్‌ను తినేస్తాయి, మిగిలింది వారానికోసారి బకెట్లతో నీళ్ళు మారిస్తే పోతుంది. ఉప్పునీటి తొట్టిలో మార్చే ప్రతి లీటరుకూ ఆర్వో నీరూ, దిగుమతి ఉప్పూ ఖర్చు. అందుకే ఇక్కడ చెత్తను నైట్రేట్ కాకముందే తీసేయడం లాభం. స్కిమ్మర్ చేసేది ఆ పనే. ఇది దిశ మారిన పోలిక కూడా. లవణాలు గాలి బుడగలు కలిసిపోకుండా అడ్డుకుంటాయి కాబట్టి ఉప్పునీటిలో నురగ సన్నగా నిలుస్తుంది, చెత్తను పైకి మోస్తుంది. మంచినీటిలో బుడగలు కలిసి పెద్దవై పగిలిపోతాయి, ఇంటి తొట్టి స్కిమ్మర్ అక్కడ చేతులెత్తేస్తుంది. ఉప్పునీటి పరికరం మంచినీటిలో ఓడిపోయే సందర్భం ఇది.

శుభ్రం చేసే అలవాటు మారకపోతే మంచి మీడియా కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది. మంచినీటివారు కనిస్టర్‌ను రెండు మూడు నెలలకోసారి తెరుస్తారు. స్పాంజ్‌ను అతిగా కడగొద్దని వారికి సలహా ఇస్తాం, ఆ సలహా సరైనదే. ఉప్పునీటిలో చెత్త పట్టే పైపొర స్పాంజ్‌నూ, దూదినీ రెండు మూడు రోజులకోసారి మార్చాలి. లేదంటే అందులో చిక్కిన మేత, విసర్జన అక్కడే కుళ్ళి నైట్రేట్‌గా, ఫాస్ఫేట్‌గా తొట్టిలోకి తిరిగొస్తాయి. లోపలి రింగులను కడగాల్సి వస్తే తొట్టి నుంచి తీసిన ఉప్పునీటితోనే కడగాలి. కుళాయి కింద పెడితే క్లోరిన్ ఒకవైపు, ఉప్పు లేకపోవడం ఒకవైపు బాక్టీరియాను దెబ్బతీస్తాయి. కరెంటు కోత ఇంకో పరీక్ష. మూసి ఉన్న కనిస్టర్‌లో బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. ఉప్పునీటిలో మొదలే తక్కువ కాబట్టి ముందుగా అయిపోతుంది. గంటల తర్వాత కరెంటు రాగానే ఆ మురుగు నీరంతా ఒక్కసారిగా తొట్టిలోకి వస్తుంది. పొడుగు కోతలుండే ఊళ్ళలో ఉప్పునీటి తొట్టికి కనిస్టర్ కంటే తెరిచి ఉండే సంప్, బ్యాటరీ మీద నడిచే గాలి పంపు మేలు.

మొత్తం మీద నా తీర్పు ఇది. మంచినీటి అరలోని స్పాంజ్, దూది, సిరామిక్, గాజు రింగులు, బయోబాల్స్ కొత్తవైతే, ఏ రసాయనం కలపనివైతే ఉప్పునీటికి నిస్సందేహంగా వాడుకోవచ్చు. ‘మెరైన్’ అనే పేరుకు అదనపు ధర చెల్లించనక్కర్లేదు. కార్బన్‌ను పరీక్షించి వాడుకోవచ్చు. జియోలైట్, మెత్తబరిచే రెజిన్, పీట్ వద్దు. మాగిన మంచినీటి మీడియా వద్దు. మందు తగిలిన మీడియా ఎంత కడిగినా వద్దు.

మీడియాను ఎంచుకున్నాక తొందరపడకండి. 1.025 సాంద్రత ఉన్న ఉప్పునీటిలో దాన్ని ఉంచి, లీటరుకు రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా అయ్యేలా అమ్మోనియం క్లోరైడ్ వేయండి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆ మోతాదు 24 గంటల్లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా అయ్యే స్థితికి వస్తుంది. వంటింటి ఉప్పుతో ఈ పని చేయొద్దు, సముద్రపు తొట్ల కోసం అమ్మే ఉప్పు మిశ్రమమే వాడండి. అమ్మేవారికి ఒక విన్నపం. పొట్లం మీద ‘అమ్మోనియా రిమూవర్’ అని మాత్రమే రాయకుండా లోపల ఉన్న పదార్థం పేరు పెద్ద అక్షరాల్లో రాయండి, జియోలైట్ ఉన్న ప్రతి పొట్లం మీద ‘ఉప్పునీటిలో అమ్మోనియాను తీయదు’ అని అచ్చు వేయండి. అప్పటిదాకా కొనేవారే పొట్లం తిప్పి చూసి, పేరు లేకపోతే అక్కడే తిరిగి పెట్టేయండి.